లియోటా టీచర్ చెప్పని లెక్క

"మీకు ఎన్ని ఆవులున్నాయండీ?" అని అడిగింది, ముసలివాళ్ళ బాగోగులు కనుక్కోవడానికని పట్నం నుంచి వచ్చిన విట్లో.

లియోటా బ్రెక్కీ చేతిలో కాఫీ కెటిల్ గాల్లోనే ఆగింది. ఆవిడకు ఎనభై నాలుగేళ్ళు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ అదే వంటింట్లో కాఫీ కాస్తోంది. ఆ బల్ల దగ్గర కూర్చుని తాగిపోయినవాళ్ళలో గుర్రాలు దొంగిలించి జైలుకు పోయినవాడున్నాడు, సెనేటుకు పోటీ చేసి ఓడిపోయినవాడున్నాడు. వాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు ఆ మాట అడగలేదు.

బల్లకు అవతల రాయ్స్ కూర్చున్నాడు. ఆవిడ మొగుడి తమ్ముడి కొడుకు. అరవై ఏళ్ళవాడు, బట్టతల, పారల్లాంటి చేతులు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఈ పట్నం మనిషి అడగకూడనిది అడిగిందని వాడికి బాగా తెలుసు. "అమ్మా, మా వైపు అలా అడగరు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. వాడు టోపీ అంచుకేసి చూస్తూ కూర్చున్నాడు.

"చాలినన్ని ఉన్నాయమ్మా" అంది లియోటా.

"అంటే సుమారుగా ఎన్ని?"

"కొన్ని."

"కొన్ని అంటే? యాభయ్యా, వందా?"

"కాఫీ ఇంకొంచెం పొయ్యనా?"

విట్లో ఏదో రాసుకుంది. నిజానికి చెడ్డ మనిషేం కాదు. కాఫీ బాగుందని రెండుసార్లు మెచ్చుకుంది, కుక్క తల నిమిరింది. అంతకుముందు ఇది ఏ సంవత్సరం, ఇవాళ ఏ వారం, పొద్దున ఏం తిన్నారు అని అడిగితే లియోటా టకటకా చెప్పేసింది. పైగా ఆ ప్రశ్నల కాగితంలో రెండు అక్షర దోషాలు కనిపిస్తే పెన్సిలుతో దిద్ది మరీ ఇచ్చింది. అంతా సవ్యంగానే నడిచింది, ఆవుల దగ్గరికి వచ్చేదాకా.

పది రోజుల తర్వాత కోర్టు కవరు వచ్చింది. అందులో విట్లో రాసిన నివేదిక ఉంది. "ఈమె తన దగ్గర ఎన్ని పశువులున్నాయో చెప్పలేకపోతున్నారు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ మాట దాటవేశారు. జ్ఞాపకశక్తి విషయంలో ఇది ఆలోచించదగినది" అని ఉంది. దాని వెనక రాయ్స్ పెట్టిన అర్జీ. మా పెద్దమ్మకు మతి నిలవడం లేదు, జనవరిలో పికప్ బండిని కాలవలో దింపేసింది, భూమినీ మందనూ చూసుకునే స్థితిలో లేదు, కాబట్టి నన్ను సంరక్షకుడిగా నియమించండి అని.

సంరక్షకుడు! ఎనిమిదేళ్ళు ఆవిడ ముందు బెంచీ మీద కూర్చుని, ముక్కు చీదుకోవడం కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నవాడు సంరక్షకుడట! లియోటా ఆ కాగితాన్ని మడిచి పొయ్యిలో పడెయ్యబోయి, తేదీ గుర్తుంచుకోవాలి కదా అని ఆగి, రిఫ్రిజిరేటరుకు అయస్కాంతంతో అంటించింది. మే పన్నెండు, గురువారం, పదిన్నర.

లియోటా ఉండే చోక్‌చెర్రీ వాగు మనుషులు మొహమాటం ఎరగరు. నీ పెళ్ళాం ఎందుకు వెళ్ళిపోయిందిరా అని నలుగురిలో అడుగుతారు. కడుపులో పుండు ఎలా ఉంది, దేవుణ్ణి నమ్ముతావా, ఎవరికి ఓటేశావు, అన్నీ అడుగుతారు. పశువులు ఎన్ని అని మాత్రం అడగరు. అమెరికాలో మోంటానా తూర్పు కొసన, ఆ పొడినేలలో గడ్డి ఎంత మొండిదో మనుషులూ అంత మొండివాళ్ళు. ఒకడి మంద ఎంతో తెలిస్తే వాడి బ్యాంకు పుస్తకం తెలిసినట్టే, వాడికి ఎంత గడ్డి కరువో, ఎంత చలి తగిలిందో, వాడు ఎప్పుడు అమ్ముకుపోతాడో తెలిసినట్టే. అందుకే ఎవరైనా తెలియక అడిగితే "నాకు పని చెప్పేటన్ని" అనో, "కొన్ని" అనో అని, వాన సంగతి ఎత్తుతారు. అడిగినవాడు సిగ్గుపడి ఊరుకుంటాడు. ఊరుకోకపోతే వాడికి రెండో కాఫీ ఉండదు. లియోటా ఆ పట్నం మనిషికి రెండో కాఫీ కూడా పోసింది, అంత మర్యాద చేసింది.

అసలు ఆ తప్పు మొట్టమొదట చేసింది లియోటానే. ఆ మాట ఆవిడ ఎప్పుడూ దాచుకోలేదు.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిది సెప్టెంబరులో, ఇరవై ఏళ్ళ వయసులో, అయోవా మొక్కజొన్న చేల మధ్య నుంచి ఒక పెట్టె, ఒక చేతిగంట, ఒక నిఘంటువు పట్టుకుని చోక్‌చెర్రీ వాగు బడికి టీచరుగా వచ్చింది. ఒకటే గది. ఎనిమిది తరగతులు, పదకొండుమంది పిల్లలు. వెనక బొగ్గుల కొట్టం, పక్కన టీచరు ఉండటానికి అగ్గిపెట్టెంత గది. పిల్లలకు తెలిసిన వాటితోనే పాఠం చెప్పాలని ట్రైనింగులో నేర్పారు. సరే కదా అని రెండోరోజు సుద్దముక్క తీసుకుని, "మీ ఇంట్లో ఎన్ని ఆవులున్నాయో ఒక్కొక్కరూ లేచి చెప్పండి. బోర్డు మీద వేసి కూడదాం" అంది.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ లేవలేదు. కొత్త టీచరు చిన్నబుచ్చుకుంటుందేమో అని జాలిపడి, తొమ్మిదేళ్ళ గస్ వానెక్ ఒక్కడు లేచి చెప్పేశాడు. ఆవిడ ఆ అంకెను బోర్డు మీద ఇంతింత లావున రాసింది.

మర్నాడు ఆవిడ గంట కొట్టకముందే బడి ముందు ఆరుగురు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. ముగ్గురు గుర్రాల మీద వచ్చారు, ముగ్గురు ట్రక్కులో. అందరికన్నా ముందు టోర్వాల్డ్ బ్రెక్కీ. బడి కమిటీ పెద్ద, తలుపుకు అడ్డం నిలబడితే లోపల చీకటి పడేంత మనిషి.

"ఏమ్మా టీచరమ్మా, మా పిల్లలకు చదువు చెప్పడానికొచ్చావా, మా దొడ్లో తొంగిచూడ్డానికొచ్చావా?" అన్నాడు, మిగతా ఐదుగురితో లోపలికి వచ్చేసి. "వానెక్ మంద ఎంతో రాత్రికల్లా వాగు పొడుగునా తెలిసిపోయింది. ఇంకొక్కసారి మా పశువుల ఊసెత్తావంటే నీ పెట్టె నువ్వు సర్దుకోవచ్చు."

లియోటా చేతిగంటను బల్ల మీద పెట్టింది. "తెలియక చేశాను. తప్పే" అంది. "ఈ బడి లెక్కల్లోకి ఆవులు మళ్ళీ రావు. మాటిస్తున్నాను. అన్నట్టు మీరందరూ లోపలికొచ్చేశారు. బూట్ల నిండా పేడ. బయటికెళ్ళి తుడుచుకుని రండి. నిన్ననే కడిగాను."

ఆరుగురూ నోళ్ళు తెరిచారు. వెనక నిలబడ్డ టోర్వాల్డ్ పెద్దకొడుకు ఆండర్స్ పకపకా నవ్వి, అందరికన్నా ముందు బయటికి పోయి బూట్లు తుడుచుకున్నాడు. రెండేళ్ళకు ఆవిడ అతన్నే చేసుకుంది.

ఇచ్చిన మాట ఇచ్చినట్టే నిలబెట్టుకుంది. ముప్పై తొమ్మిదేళ్ళు ఆ బడిలో యాపిల్ పళ్ళను కూడారు, గుడ్లను తీసేశారు, రైలు చక్రాలను గుణించారు, ఆవును మాత్రం ముట్టుకోలేదు. ప్రతి సెప్టెంబరూ కొత్త పిల్లలకు మొదటి పాఠం అదే. "ఎవరి మందను వాళ్ళే లెక్కపెట్టుకోవాలి. ఇంకొకణ్ణి అడక్కూడదు. అడిగినా చెప్పకూడదు. ఏం?" "సరే టీచర్!" అని అందరూ ఒక్క గొంతుతో అరిచేవాళ్ళు. అలా అరిచినవాళ్ళలో రాయ్స్ ఉన్నాడు, ముందు బెంచీలో, పళ్ళు ఊడిన నోటితో.

పెళ్ళి కాగానే మామగారు రాజీనామా రాసిమ్మన్నాడు. పెళ్ళయిన ఆడది బడికి పోతే మొగుడికి అన్నం ఎవరు వండుతారు అని.

"రాయను" అంది కోడలు. "నా స్థానంలో ఎవర్ని తెస్తారో తెచ్చుకోండి. వచ్చేదాకా సోమవారం గంట నేనే కొడతాను."

ఆ చలికి, ఆ జీతానికి ఎవరొస్తారు? ఎవరూ రాలేదు. సోమవారం వచ్చింది, గంట మోగింది. టోర్వాల్డ్ నాలుగేళ్ళు ఆవిడ చేతి రొట్టె తింటూ ఆవిడతో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా కొడుకును అడిగి ఇప్పించుకునేవాడు. ఆవిడా తక్కువ తినలేదు. ఉప్పుగిన్నెను పనిగట్టుకుని ఆయనకు అందనంత దూరంలో పెట్టేది.

నాలుగో ఏడు మార్చిలో టోర్వాల్డ్ చెయ్యి విరిగి మంచాన పడ్డాడు, ఆండర్స్ మేత కోసం పట్నం పోయి మంచులో చిక్కుకుపోయాడు. తొలిచూలు పెయ్య ఒకటి తెల్లవారుజామున ఈనలేక కింద పడింది. లియోటా మోచేతుల దాకా చేతులు పెట్టి, దూడ కాళ్ళకు గొలుసు బిగించి, కాలు గోడకు తన్నిపెట్టి లాగింది. దూడ బతికింది గానీ చలికి కొయ్యబారిపోయింది. బడి వేళయింది. దూడను కారు వెనక సీట్లో వేసుకుని బడికి తీసుకుపోయి, బొగ్గుల పొయ్యి పక్కన గోనె మీద పడుకోబెట్టింది. రక్తం మరకల చేతులతోనే ఎనిమిది తరగతులకూ గుండె ఎలా కొట్టుకుంటుందో చెప్పింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి దూడ డొక్క మీద చెయ్యి పెట్టి చూశారు. మధ్యాహ్నానికి అది లేచి నిలబడి, నిఘంటువు నమిలేసింది.

ఆ వారం మామగారు మంచం దిగి, విరిగిన చెయ్యి మెడకు వేలాడేసుకుని గడ్డిమైదానం గేటు దగ్గరికి నడిచాడు. మంద లోపలికి వస్తోంది. "ఇలా రా" అని పిలిచాడు కోడల్ని. నాలుగేళ్ళలో మొదటి మాట. "ఆ పక్కన నిలబడు. నువ్వూ లెక్కపెట్టు. నీదీ నాదీ ఒకటేనేమో చూద్దాం."

ఇద్దరిదీ ఒకటే అయింది. అప్పటినుంచీ బ్రెక్కీ మంద లెక్క ఆవిడదే. పది ఆవులు గేటు దాటగానే కుడి జేబులోంచి ఎడమ జేబులోకి ఒక సుద్దముక్క. టోర్వాల్డ్ పోయాడు. తొంభై ఏడులో ఇద్దరే పిల్లలు మిగిలారని బడి మూసేశారు. ఆవిడ బడి తాళం ఇచ్చేసి సుద్దముక్కల డబ్బా మాత్రం ఇంటికి తెచ్చుకుంది. పదకొండేళ్ళ కిందట ఆండర్స్ కూడా పోయాడు. పిల్లలు పుట్టలేదు. మిగిలింది మంద, వాగు, వాగు పక్కన ఎండాకాలంలోనూ పచ్చగా ఉండే గడ్డిమైదానం. ఆ మైదానానికి ఇవతల రాయ్స్ కంచె ఉంది. వాడు రోజూ పొద్దున లేవగానే ఆ పచ్చదనాన్ని చూస్తూ పళ్ళు తోముకుంటాడు.

కోర్టుకు రెండు రోజుల ముందు గస్ వానెక్ వచ్చాడు. ఒకప్పుడు ఆ అంకె చెప్పి దెబ్బలు తిన్నవాడే. డెబ్బై మూడేళ్ళ లాయరు ఇప్పుడు. స్పెల్లింగులు ఇప్పటికీ రావు.

"టీచర్, నా మాట వినండి" అన్నాడు కేకు ముక్క నోట్లో పెట్టుకుని. "ఒక్క అంకె. నోరు తెరిచి ఒక్క అంకె చెప్పండి. పశుశాఖ కాగితాల్లో ఎంత ఉందో సీలు కవరులో జడ్జి దగ్గర ఉంటుంది. రెండూ సరిపోతే కేసు అక్కడితో సరి."

"నీ తొమ్మిదో ఏట నువ్వు చెప్పావుగా. ఏమైంది?"

"మా నాన్న బెల్టు తీశాడు."

"మరి నాకెందుకు చెబుతావు ఆ పని?"

"మిమ్మల్ని ఎవరు కొడతారు టీచర్?"

"ఎవరూ కొట్టరు. అందుకే చెప్పను. భయపడి దాచుకున్నది కాదురా ఇది. ఆండర్స్ డెబ్బై ఎనిమిదో ఏట ట్రాక్టరును వాగులో దింపాడు, గుర్తుందా? నలుగురూ వచ్చి తాడు కట్టి లాగారు, నవ్వుకుంటూ బీరు తాగిపోయారు. ఎవడైనా కోర్టుకెళ్ళాడా? ఆయన్ని నీకెన్ని ఆవులున్నాయి తాతా అని ఎవడైనా అడిగాడా? నేను బండి కాలవలో పెడితే మాత్రం కాగితాలొస్తాయా? చెప్పను పో."

గస్ రెండో ముక్క కేకు తిని వెళ్ళిపోయాడు.

అతనికి చెప్పని సంగతి ఒకటుంది. ఎవరికీ చెప్పలేదు. మార్చి చివర్లో గేటు దగ్గర లెక్కపెడుతుంటే, మధ్యలో ఒక తెల్లమూతి ఆవు కుంటుతూ వచ్చింది. దాని కాలికేసి చూసి తలెత్తేసరికి అంకె లేదు. మనసులో అంకె ఉండాల్సిన చోట ఏమీ లేదు. సుద్దముక్క జేబు మార్చిందో లేదో కూడా తెలియలేదు. గేటు కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. ఆ రోజు ఆవిడకు నిజంగా భయం వేసింది. దూడలకు, మంచుకు, మామగారికి పడని భయం అది. రాయ్స్ గాడు చెప్పింది నిజమేనేమో. ఆ తర్వాత నుంచి లెక్కపెట్టినప్పుడల్లా సరిగ్గానే వస్తోంది గానీ, సరిగ్గా వచ్చిన ప్రతిసారీ జేబులో సుద్దముక్కలను మరోసారి తడిమి చూసుకుంటోంది. భూమి పోతే పోయింది, వాగు పోతే పోయింది, తన తల తనది కాకుండా పోతే తట్టుకోలేదు. తన తల తనదేనని కోర్టు ఒప్పుకోవాలి, అంతకన్నా ముందు తాను ఒప్పుకోవాలి.

గురువారం కోర్టు హాలు నిండిపోయింది. దూడలకు కాల్చిన ఇనుముతో ముద్రలు వేసే కాలం, ఏ ఒక్కరికీ తల దువ్వుకునే తీరిక లేదు, అయినా వాగు పొడుగునా ఉన్నవాళ్ళంతా వచ్చి, టోపీలు ఒళ్ళో పెట్టుకుని బెంచీల మీద కూర్చున్నారు. సగానికి సగం లియోటా దగ్గర చదువుకున్నవాళ్ళే. ఆవిడ లోపలికి రాగానే నడుములు నిటారుగా పెట్టారు.

న్యాయమూర్తి రాగి గనుల పట్నం నుంచి బదిలీ అయి వచ్చినాయన. రాగి సంగతి తెలుసు, పశువుల సంగతి తెలియదు. గస్ లేచి వాగు ఆచారం అంతా విడమరిచి చెప్పాడు. న్యాయమూర్తి ఓపిగ్గా విన్నాడు.

"ఆచారం ఉందంటే నేను కాదనను" అన్నాడు. "కాని మరచిపోయిన మనిషి కూడా ఇదే ఆచారం చాటున దాక్కోవచ్చు కదా? నాకెలా తెలుస్తుంది? మిసెస్ బ్రెక్కీ, కావాలంటే ఈ హాలు ఖాళీ చేయిస్తాను. నాకొక్కడికే చెప్పండి."

"వద్దండి. వీళ్ళు పనులు మానుకుని వచ్చారు."

"పోనీ కాగితం మీద రాసివ్వండి."

"ఆ కాగితం ఎక్కడికెళ్తుంది?"

"ఫైల్లోకి."

"ఫైలు ఎవరి దగ్గరుంటుంది?"

"కోర్టు గుమాస్తా దగ్గర."

లియోటా గుమాస్తా వైపు తిరిగింది. "లోరీన్, మూడో తరగతిలో నీ నోట్లో ఏ మాటైనా అన్నాల వేళ దాకా ఆగిందా?"

లోరీన్ జుట్టు నెరిసింది, మొహం మాత్రం అప్పటిలాగే ఎర్రబడింది. "లేదు టీచర్" అంది.

హాలంతా గొల్లుమంది. న్యాయమూర్తి సుత్తితో బల్ల మీద కొట్టాడు. ఆయన మొహంలో ఓపిక తగ్గుతోందని గస్‌కు అర్థమై, "టీచర్, చెప్పెయ్యండి" అని గొణిగాడు.

"అయ్యా" అంది లియోటా, లేచి నిలబడి. "నేను చెప్పను. చెరసాలలో పెట్టండి, చెప్పను. అంకె చేతిలో పెట్టుకుని నా భూమిని నేను ముష్టి అడుక్కోను. కాని ఒకటి అడుగుతాను. మా రాయ్స్ నన్ను చూసుకుంటానంటున్నాడు. చూసుకునేవాడికి తల సరిగ్గా ఉందో లేదో మీరు చూడాలి కదా? ఈ పట్నం అమ్మాయి నన్నడిగిన ప్రశ్నలే వాణ్ణి అడగనివ్వండి. ఒక్కటి ఎక్కువ అడగను."

న్యాయమూర్తి గడియారం చూసుకున్నాడు. రాయ్స్ లాయరు అభ్యంతరం చెప్పబోయి, బెంచీల కేసి ఒకసారి చూసి కూర్చున్నాడు. "అడగండి" అన్నాడు న్యాయమూర్తి.

"రాయ్స్, లే" అంది లియోటా.

రాయ్స్ లేచి నిలబడ్డాడు. సాక్షి కుర్చీలోకి వెళ్ళమని ఎవరూ చెప్పకముందే, ఉన్నచోటే, చేతులు పక్కలకు పెట్టుకుని, అరవై ఏళ్ళవాడు ఆరేళ్ళవాడిలా నిలబడ్డాడు.

"ఇది ఏ సంవత్సరం?"

"రెండువేల ఇరవై రెండు."

"ఇవాళ ఏ వారం?"

"గురువారం."

"పొద్దున ఏం తిన్నావు?"

"గుడ్లు, బంగాళాదుంపలు... టీచర్."

"బాగుంది. నీకు ఎన్ని ఆవులున్నాయి?"

రాయ్స్ నోరు తెరిచాడు. వాడికి ఆ అంకె తెలుసు, తెలియకేం. పొద్దుననే చూసుకుని ఉంటాడు. ఒక్క అంకె చెబితే చాలు, వాగు, పచ్చిక, అన్నీ వాడివి. లియోటా వాడి కళ్ళలోకి చూస్తూ నిలబడింది. చెబుతాడేమో. ఇన్నేళ్ళూ ముందు బెంచీలో కూర్చోబెట్టి చెప్పింది గాలికి పోయిందేమో. అలా అయితే భూమి ఒక్కటే కాదు, ముప్పై తొమ్మిదేళ్ళ బడి కూడా ఈ గదిలోనే పోతుంది.

రాయ్స్ తల తిప్పి బెంచీల కేసి చూశాడు. కంచె ఇవతలివాళ్ళు, అవతలివాళ్ళు, వాడికి గడ్డి అమ్మినవాళ్ళు, వాడి దగ్గర ఎద్దును కొన్నవాళ్ళు. ఒక్కరూ వాడికేసి చూడటం లేదు. వినపడకూడనిది వినపడుతుందేమోనని అందరూ ఒళ్ళోని టోపీల్లోకి చూసుకుంటున్నారు. రాయ్స్ చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ ఎర్రబడింది.

"కొన్ని" అన్నాడు.

"కొన్ని అంటే? యాభయ్యా, వందా?"

"చాలినన్ని."

"సుమారుగా చెప్పు నాయనా. జడ్జిగారు వేచి ఉన్నారు."

"చెప్పను!" అని అరిచాడు రాయ్స్. "నా మంద నాది. ఎవడికి చెప్పాలి నేను? అడగడానికి సిగ్గుండాలి!"

అని, తనేమన్నాడో తనకే వినపడి, అలాగే నిలబడిపోయాడు.

లియోటా విట్లో వైపు తిరిగింది. "రాసుకో అమ్మా. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ మాట దాటేశాడు" అంది.

విట్లో పెన్ను కింద పెట్టేసింది. ఆవిడకు అప్పుడు అర్థమైంది, మొహం చిన్నబోయింది. న్యాయమూర్తి రాయ్స్‌ను చూశాడు, తర్వాత నివేదికను చూశాడు, తర్వాత పెదవులు బిగించి నవ్వు ఆపుకున్నాడు. "ఇది మతిమరుపు అయితే ఈ కౌంటీ మొత్తానికీ సంరక్షకుణ్ణి వెయ్యాలి" అని అర్జీ కొట్టేశాడు.

జనం లేచి చప్పట్లు కొట్టారు. లియోటాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గెలిచినందుకు కాదు. తన మెడ మీద కత్తి పెట్టినవాడు కూడా ఆ పాఠం మరచిపోలేదే అని పొంగిపోయింది, పొంగిపోయినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

మెట్ల దగ్గర రాయ్స్ కాచుకుని ఉన్నాడు. "పెద్దమ్మా... నీ మంచికేననుకున్నాను. కొంచెం నా మంచికి కూడా" అన్నాడు, టోపీ చేతుల్లో నలుపుకుంటూ.

"ఆ ఆఖరి ముక్క నిజం చెప్పావు కాబట్టి నిలబడి వింటున్నాను. నా వంటింట్లో, నా కాఫీ తాగుతూ, అంతా తెలిసి నోరు మూసుకుని కూర్చున్నావే, దాన్ని క్షమించలేదు. క్షమిస్తానో లేదో కూడా చెప్పను. శనివారం నా దూడలకు ముద్రలు. పొద్దున ఆరింటికి తాడు పట్టుకుని రా. ఆలస్యమైతే మూల నిలబెడతాను."

"వస్తాను" అన్నాడు రాయ్స్.

గస్ ఆవిణ్ణి ఇంటికి దిగబెట్టడానికి వచ్చాడు. ఇంటి ముందు ఆగకుండా గడ్డిమైదానం గేటు దాకా పోనివ్వమంది. ఎండ ఇంకా ఉంది. పండక్కి వేసుకునే గౌను, మెళ్ళో ముత్యాలు, కాళ్ళకు మాత్రం కార్లోనే బూట్లు మార్చుకుంది. కోటు కుడి జేబులో సుద్దముక్కలు ఉన్నాయి. కోర్టుకు కూడా వాటిని పెట్టుకునే వెళ్ళింది. గస్ హారన్ కొట్టాడు. దాణా వచ్చిందనుకుని మంద గుట్ట దిగి పరుగు పెట్టింది.

గస్ గేటు తీసి పట్టుకుని, చెయ్యవలసిన మర్యాద ప్రకారం, మందకు వీపు పెట్టి కొండలకేసి తిరిగి నిలబడ్డాడు. ఇంటివాళ్ళు లెక్కపెడుతుంటే పరాయివాడు చూడకూడదు.

ఆవులు ఒకటొకటే గేటు దాటసాగాయి. దూడలు తల్లుల పక్కనే పోతున్నాయి, వాటిని లెక్కలోకి తీసుకోరు. పదికి ఒక సుద్దముక్క జేబు మారుతోంది. సగం మంద దాటాక అదే తెల్లమూతి ఆవు వచ్చింది. ఈసారి కుంటడం లేదు గానీ, ఆవిడ కోటు జేబుకు మూతి ఆనించి ఆగింది. లియోటా నోట్లో అంకె వణికింది. పోతుందేమో అనుకుంది. చేత్తో దాని మొహాన్ని అవతలికి తోసి, "పోవే, నీ వల్ల ఒకసారి చచ్చాను చాలు" అని, అంకెను గట్టిగా పైకే అనేసింది. గస్ గబుక్కున రెండు చెవులూ మూసుకున్నాడు.

ఆఖరి ఆవు దాటింది. లియోటా గేటు వేసి, గొలుసు తగిలించి, ఎడమ జేబులో చెయ్యి పెట్టి సుద్దముక్కలను వేళ్ళతో తడిమి చూసుకుంది.

"అయిందా టీచర్?" అన్నాడు గస్, వెనక్కి తిరక్కుండానే.

"అయింది. సరిపోయింది."

ఒక్క ఆవు తగ్గలేదు, ఒక్క ఆవు పెరగలేదు. ఎన్నంటారా? అలా అడక్కూడదు.